మంచివాడితో వేగడం

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలంటారు. మా అయ్యగారి గురించి మంచి తప్ప చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నా చికాకంతా అదే.

మొన్న వానల్లో ఆయన పోయారు. మట్టి చేసి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో గిన్నె దించినా చప్పుడవుతోంది, బడిలో పిల్లల్ని ఊరికే కసురుతున్నాను. ఏమైందని మా ఆయన ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. ఎవరి మీద కోపమో తెలిస్తే కదా చెప్పడానికి! చెప్పలేకే రాస్తున్నాను.

అయ్యగారంటే పెద్ద గుడికి పాస్టరు అనుకోకండి. ఏక్‌బాల్‌పూర్‌లో కార్పొరేషన్ క్వార్టర్ల వెనక రేకుల కప్పు వేసిన గది ఒకటుంది. ఆదివారం పొద్దున, బుధవారం సాయంత్రం మా తెలుగువాళ్ళు అందులో ప్రార్థనకి కూడేవాళ్ళు. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు వచ్చి, ఈ కలకత్తా చెత్త ఎత్తే పనిలో కుదురుకున్నవాళ్ళే. మా నాన్న చెత్త లారీ మీద పనిచేసేవాడు. అయ్యగారిదీ కార్పొరేషన్ ఉద్యోగమే. తెల్లవారుతూనే వీధి చివర గొట్టాలు విప్పి, గంగనీళ్ళతో రోడ్లు కడిగేవారు. అంతకు ముందు ప్రార్థన నడిపిన ఉపదేశి జబ్బు చేసి ఊరెళ్ళిపోతూ, ఇంకొకరు వచ్చేదాకా కాస్త చూసుకోమని ఈయనకి అప్పజెప్పాడట. ఇంకొకరు రానేలేదు. జీతం లేదు, తెల్ల అంగీ లేదు. ఎవరైనా "అయ్యగోరూ" అని పిలిస్తే, "నాను అయ్యగోర్ని కాను బాబూ, పనోణ్ణి" అనేవారు. అలా అన్నప్పుడల్లా మా అమ్మ, "ఆ మాటనడం మానితే సగం రోజు కలిసొచ్చీది" అని గొణిగేది.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా కిరసనాయిలు లైను గుర్తొస్తుంది. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. పోయిందంటే ఊరు ఊరంతా "లోడ్‌షెడ్డింగ్" అని అరిచి లాంతర్లు వెలిగించుకునేది. అందుకని కిరసనాయిలు దుకాణం ముందు తగువుల్లేని రోజుండేది కాదు. అయ్యగారు రోడ్లు కడిగే పని ముగించి తడి లుంగీతోనే వచ్చి డబ్బా పట్టుకుని నిలబడేవారు. చంటిపిల్లతో ఎవరో వస్తారు, కర్ర పట్టుకుని ఎవరో ముసలాయన వస్తాడు. "ముందుకి రండమ్మా, రా తాతా" అని తన ముందు చోటిచ్చేసేవారు. ఒకరోజు ఆయన వెనకే నిలబడ్డ మా అమ్మకి ఒళ్ళు మండింది.

"ఏటి అయ్యగోరూ, మీ సోటు మీరిచ్చుకోండి. నా సోటు ఎందుకిచ్చేస్తన్నారు?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ మాట ఆయనకి నిజంగా తగిలింది. మర్నాటి నుంచి ఎవరికైనా చోటిస్తే, తను లైనులోంచి తప్పుకుని చివరికి పోయి నిలబడేవారు. అలా చివరికి, మళ్ళీ చివరికి జరుగుతూ ఉండగానే దుకాణంవాడు తలుపులు మూసేసేవాడు. ఖాళీ డబ్బాతో ఇంటికి వచ్చిన మొగుణ్ణి చూసి దొడ్డమ్మ, ఆయన భార్యని మేమంతా దొడ్డమ్మ అనేవాళ్ళం, వాకిట్లో కూర్చుని నన్ను పిలిచి మరీ చెప్పేది.

"మంచోడితో కాపరం అంటే ఏటనుకుంటన్నావే? ఉప్పులాటిది. కూరలో ఏసుకుంటే ఊరోళ్ళందరికీ రుచే. నాకు మాత్రం కంచంలో అదొక్కటే ఒడ్డించీసినాడు దేవుడు."

దొడ్డమ్మ నోరు పెద్దది. ఆయనకి నోరే లేదు. ఒక్క పాట పాడేటప్పుడు తప్ప. పాట ఎప్పుడూ ఆయనే ఎత్తుకునేవారు, ఎప్పుడూ అందనంత ఎత్తులో ఎత్తుకునేవారు. రెండో చరణానికి వచ్చేసరికి మగవాళ్ళ గొంతులు బీటలు వారేవి, ఆడవాళ్ళం పమిట అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా పాడేసేవారు.

ప్రార్థన కూటం మొదలయ్యే ముందు ఆయన గుమ్మంలో నిలబడేవారు. అది ఆయన అలవాటు. చీకటి రోజుల్లో చేతిలో లాంతరుండేది. వచ్చిన ప్రతి మనిషి మొహం దగ్గరికి లాంతరెత్తి చూసి, పేరు పెట్టి పిలిచి, "వందనాలు" అనేవారు. నడుస్తున్న పిల్లకీ వందనాలే, చంకలోని పిల్లకీ వందనాలే. ఆయన చెప్పందే ఎవరూ లోపలికి వెళ్ళేవాళ్ళు కాదు. ఆ గదికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే.

మా బతుకు తిరగబడిన బుధవారం నాడు నేను ఊళ్ళో లేను. ఖరగ్‌పూర్‌లో మేనత్త ఇంట్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్నాను. అప్పటికి నాన్న పోయి కొన్నాళ్ళయింది. ఆయన ఉద్యోగం అన్నయ్యకిచ్చారు. అమ్మ, నేను, అన్నయ్య, మా ముగ్గురి అన్నం ఆ చెత్త లారీ మీదే ఉండేది.

మా సందులోనే జగదీశ్ అనే బీహారీ ఉండేవాడు. ఠేలా బండి లాగేవాడు. మనిషి దుడుకు. వీధి కుళాయి దగ్గర అమ్మ బక్కెట్టుని కాలితో తన్ని, అనకూడని మాట అన్నాడు. అన్నయ్య ఆ వేళ పనిలో ఉన్నాడు. సాయంత్రం విని ఏమీ అనలేదట. బుధవారం పొద్దుగూకాక కరెంటు పోయింది. ఆ చీకట్లో సందు మలుపులో ఎవరో ఇనప రాడ్డుతో జగదీశ్‌ని కొట్టారు. అడ్డం పెట్టిన కుడిచెయ్యి నుజ్జయిపోయింది. వాడు అన్నయ్య పేరు పెట్టి అరిచాడని కొందరు, వట్టినే అరిచాడని కొందరు. మర్నాడు పోలీసులొచ్చి అన్నయ్యని తీసుకెళ్ళారు.

"నాను కూటంలో ఉన్నాను," అన్నాడు అన్నయ్య. "ఎనక బల్ల మీద."

యూనియన్ నాయకుడు వచ్చాడు, అందరూ దాదా అనేవాళ్ళు. బెంగాలీబాబు, మెత్తటి మాట. అమ్మని మాషీమా, అంటే పిన్నిగారూ అని పిలిచి, భయపడకండి అన్నాడు. కూటంలో ఉన్నవాళ్ళలో కొందరు, అవును, వెనక చీకట్లో కూర్చున్నాడు, మేం చూశాం అని చెప్పడానికి ముందుకొచ్చారు. అది చాలదన్నాడు దాదా. ఠాణాలో పెద్ద దారోగా, బడోబాబు అంటారు, ఆయనకి మా అయ్యగారంటే గురి. ఎప్పుడో రోడ్డు కడుగుతుంటే దొరికిన బంగారు గొలుసు ఠాణాలో ఇచ్చి వచ్చారట. "మీ పెద్దాయన ఒక్క మాట చెబితే కేసు ఇక్కడితో ఆగిపోతుంది" అన్నాడు దాదా.

అమ్మ ఆయన కాళ్ళ మీద పడిందని దొడ్డమ్మ తర్వాత నాకు చెప్పింది. ఆయన గోడకానుకుని కూలబడిపోయారట.

"నన్ను ఠాణాకి తీసుకెళ్ళకండి తల్లీ. అడగనీకండి. అడిగితే ఉన్నదే సెప్పాలి గదా."

దాదా నవ్వి, ఠాణా గడప తొక్కితే ఆయనే దారికొస్తాడులే అన్నాడట. అందరూ కలిసి తీసుకెళ్ళారు. బడోబాబు కుర్చీ వెయ్యమన్నా కూర్చోలేదు.

"ఆ సాయంత్రం ఆ కుర్రాడు మీ ప్రార్థనకి వచ్చాడా?"

ఆయన నేల చూస్తూ బెంగాలీలో, "ఆసేని బాబూ" అన్నారు. రాలేదు అని. వరండాలో ఉన్న అమ్మకి ఆ ఒక్క మాటా వినపడింది.

అన్నయ్యకి శిక్ష పడింది. ఉద్యోగం పోయింది. నేను ట్రైనింగు మధ్యలో వదిలేసి వచ్చి, పొరుగు పిల్లలకి అక్షరాలు చెప్పుకుంటూ ఇల్లు నడిపాను.

వచ్చిన మర్నాడే ఆయన్ని నిలదీద్దామని వెళ్ళాను. ఇంట్లో లేరు. దొడ్డమ్మ మొహం తిప్పుకుని, "కుళాయికాడున్నాడు, సూసుకో" అంది. వెళ్ళి చూస్తే, ఆయన చప్టా మీద గొంతుక్కూర్చుని ఎవరివో పంచెలు, బనీన్లు ఉతుకుతున్నారు. పక్కన మెట్టు మీద జగదీశ్ కూర్చుని ఉన్నాడు. చెయ్యి మోచేతి దాకా కట్టు.

"మీరు ఎవరి మనిషి, అయ్యగారూ?" అన్నాను. ఆయనతో అంత గట్టిగా అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు. "మా అన్నయ్యని లోపల పెట్టించి, వీడి గుడ్డలు ఉతుకుతారా?"

ఆయన తలెత్తి చూశారు. సబ్బు చేతుల్ని మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"ఒంటి సేత్తో బట్టలెలా పిండుకుంటాడు తల్లీ?"

నేనడిగింది ఏమిటి, ఆయన చెప్పింది ఏమిటి! ఏదడిగినా అంతే. పెద్ద ప్రశ్న అడిగితే చిన్న జవాబు ఇచ్చేవారు, అది కాదనడానికి వీలుండేది కాదు.

"సరే, నాకొక్కటి చెప్పండి," అన్నాను. "ఆ రోజు చీకటిగా ఉంది. లాంతరు వెలుగులో మీరు సరిగా చూసి ఉండకపోవచ్చు కదా? అన్నయ్య అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాడు లోపలున్నానని. అంతమంది చూశామంటున్నారు. మీ కళ్ళే పొరబడి ఉండచ్చు కదా? నాకు చెప్పండి. వచ్చాడా, రాలేదా?"

"ఆ మాట అడగవలసినోళ్ళు అడిగినారు, సెప్పీసినాను. మళ్ళీ నీకు సెప్తే, నీ అన్నని నీ కళ్ళముందు కొట్టినట్టవుతాది. నాను సెప్పను."

"నన్నేం నమ్మమంటారు మరి?"

"నీ అన్నయ్య. నువ్వు నమ్ముకో అమ్మా. నాకేటీ కోపం లేదు."

ఆయన మళ్ళీ వంగి పంచె ఉతకడం మొదలుపెట్టారు. నేను నిలబడే ఉన్నాను. ఆయన కళ్ళెంబడి నీళ్ళు కారుతున్నాయి, సబ్బు చేత్తో తుడుచుకోలేక భుజానికి రాసుకుంటున్నారు. ఓదార్చాలో, ఆ బక్కెట్టు ఎత్తి నెత్తిన కుమ్మరించాలో నాకు తెలియలేదు. ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత మాట తిరిగింది. నిండు కూటంలో కూర్చున్న పిల్లణ్ణి లేడన్నాడు అని మొదట అన్నారు. బడోబాబుకి మంచివాడనిపించుకోవడానికి అన్నాడన్నారు. కొన్నాళ్ళకి ఆయన పేరే "అబద్ధాల అయ్యగోరు" అయిపోయింది. నవ్వొస్తుంది తలుచుకుంటే. ఊళ్ళో అబద్ధమాడటం చేతకాని మనిషి ఒక్కడుంటే వాడికా పేరు! ఠాణాలో చూశాం చూశాం అన్నవాళ్ళందరూ పిల్లాపాపల్తో లేచి ఖిదిర్‌పూర్‌లో కొత్తగా మొదలైన వేరే కూటానికి పోయారు. రేకుల గదిలో దొడ్డమ్మ, ఇద్దరు ముసలమ్మలు మిగిలారు. ఆయన మాత్రం బుధవారం బుధవారం గుమ్మంలో లాంతరు పట్టుకుని నిలబడేవారు. అటు పోతూ నేను చూసేదాన్ని. రాని మనుషుల కోసం అంతసేపు నిలబడటం ఏమిటని మండిపోయేది.

జైల్లో చూడనిచ్చే రోజుల్లో నాకంటే ముందే ఆయన గేటు దగ్గరుండేవారు. తువ్వాలులో మూట కట్టిన మరమరాలు, బెల్లం ముక్క. అన్నయ్య ఒక్కసారీ ఆయన్ని చూడటానికి ఒప్పుకోలేదు. "ఆయనొచ్చాడని సెప్పకు నాకు" అని కమ్మీల అవతలి నుంచి అరిచేవాడు. నేను బయటికి వచ్చేసరికి ఆయన ఆ బెంచీ మీదే కూర్చుని ఉండేవారు. "బాగున్నాడా? చిక్కిపోయినాడా?" అని అడిగేవారు. చెబితే తలూపి వెళ్ళిపోయేవారు. మళ్ళీసారి మళ్ళీ వచ్చేవారు. మీరు రావద్దు, వాడికి కష్టంగా ఉంటోంది అని ఒకసారి చెప్పాను. "అయితే లోనకి కబురెట్టను, బయటే కూర్చుంటాను" అన్నారు. అలాగే కూర్చున్నారు. ఎండలో.

అన్నయ్య బయటికి రాకముందే అమ్మ పోయింది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ "నా కొడుకు గుళ్ళో ఉన్నాడు" అన్నదొకటే మాట. అయ్యగారు తన శవాన్ని ముట్టకూడదని నా చేత మాట తీసుకుంది. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందో! ఖిదిర్‌పూర్ నుంచి వేరే పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. మేం సమాధుల దొడ్లోకి వెళ్ళేసరికి గేటు బయట గొడుగు లేకుండా నిలబడి ఉన్నారు అయ్యగారు. సన్నగా వాన. లోపలికి రండి అని నేనే వెళ్ళి పిలిచాను.

"వొద్దంది గదమ్మా."

"పోయింది అయ్యగారూ. ఇంకెవరు చూస్తారు? రండి."

"పోయినోళ్ళకి ఇచ్చిన మాట మరీ గట్టిది, తల్లీ."

మాట ఇచ్చింది నేను. ఆయన కాదు. నేను దాన్ని తప్పడానికి సిద్ధపడి పిలిస్తే, ఆయన నా మాట కాపాడుతూ బయట తడిశారు. ఇలాంటి మనిషితో ఏ లెక్కన వాదించాలి?

అన్నయ్య విడుదలై వచ్చిన మొదటి ఆదివారం నేరుగా రేకుల గదికి వెళ్ళాడు. ఏం చేస్తాడోనని నేనూ వెనకే పరిగెత్తాను. అయ్యగారు గుమ్మంలో ఉన్నారు. మమ్మల్ని చూడగానే ఆయన మొహం విప్పారింది. అన్నయ్యని పేరు పెట్టి పిలిచి, "వందనాలు బాబూ" అన్నారు.

"ఇప్పుడు కనిపించినానా?" అన్నాడు అన్నయ్య. "ఆ బుధారం కనిపించలేదు గదా! అబద్ధాలకోరా! మాయమ్మని సంపీసినావు."

సందులోని జనమంతా తలుపుల్లోకి వచ్చారు. అయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. తలుపు చెక్క గట్టిగా పట్టుకున్నారు. లోపల్నుంచి దొడ్డమ్మ దూసుకొచ్చింది.

"సెప్పవేం? నోరు పడిపోనాదా? నాను అబద్ధమాడలేదని ఒక్కపాలి సెప్పు ఈ జనానికి! ఇన్నాళ్ళ బట్టి ఈదిలో తలెత్తుకోలేకపోతన్నాను. నీ మంచితనం మండిపోనూ, సెప్పు!"

"నోరుముయ్!" అని అరిచారాయన.

ఆయన గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు. దొడ్డమ్మ నిలువునా నీరైపోయింది. అన్నయ్య కూడా ఒక అడుగు వెనక్కేశాడు. గుమ్మం పక్కనున్న బల్లని ఒక తన్ను తన్ని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన క్వార్టర్ల ముందు వాకిట్లోకి వచ్చి, ఇంటింటి తలుపూ తట్టి పిలిచారు. పొద్దున అరుపు విన్నవాళ్ళందరూ వచ్చాక, దొడ్డమ్మని మధ్యలో నిలబెట్టి, "అందరి ముందూ కసిరినాను. అందరి ముందే అడుగుతన్నాను. నన్ను మన్నించు" అని చేతులు జోడించారు. దొడ్డమ్మ సిగ్గుతో చచ్చిపోయి, "ఈ మనిషి నన్ను తిట్టినప్పుడే బాగుంది, ఇదేటి గోల" అంటూ పమిట మొహాన కప్పుకుని లోపలికి పరిగెత్తింది.

నేను అక్కడే ఉండిపోయాను. జనం వెళ్ళాక అడిగాను.

"భార్యని ఒక్క మాటన్నందుకు ఊరందర్నీ పిలిచి క్షమాపణ అడిగారు. మా ఇంటికి జరిగినదానికి ఒక్కసారైనా అడిగారా? అడగరు. పోనీ, మీరు అబద్ధమాడలేదంటే ఆ మాటైనా ఊరందర్నీ పిలిచి చెప్పండి. ఏదో ఒకటి చెయ్యండి. ఇలా నిలబడి చూడకండి!"

ఆయన అలిసిపోయి అరుగు మీద కూర్చున్నారు. "తప్పనిపించిందానికి అడిగినాను. తప్పు కాందానికి ఎలా అడుగుతాను? అలాగని నాను నిజమే సెప్పినానని సాటింపు వేస్తే, ఇప్పుడే జైల్నుంచొచ్చిన కుర్రోడు ఈదిలో ఎలా తిరుగుతాడు? నన్ను ఏటన్నా అనుకోనీ తల్లీ. నాకు పింఛనీ ఉంది. ఆడికి బతుకుంది."

"మీకు బాధ లేదా?"

"ఎందుకులేదూ? రేత్రులు నిద్దరుండదు." "నాకు సొంత కొడుకే ఉంటే, ఆడికీ అలాగే సెప్పుందునా అని సూసుకుంటాను. సెప్పుందును అనుకుంటాను. తెలీదమ్మా. ఇచ్చీ దేవుడు ఇవ్వలేదు గదా కొడుకుని" అన్నారు.

ఆయన నాతో మాట్లాడిన మాటల్లో నన్ను చికాకు పెట్టని మాట అదొక్కటే.

ఏళ్ళు గడిచాయి. వీధిలో ఎర్రజెండాలు వెలిసిపోయేవి, కొత్తవి కట్టేవాళ్ళు. నేను ట్రైనింగు పూర్తి చేసి బళ్ళో చేరాను, పెళ్ళయింది. అన్నయ్య ఏవేవో పనులు చేసి, కొన్నాళ్ళు తాగి, మానేసి, చివరికి షాలిమార్ గూడ్సు యార్డులో సరుకు దించే ముఠాలో కుదురుకున్నాడు. ఆ బుధవారం సంగతి మా ఇద్దరి మధ్యా రాలేదు. కొన్ని రోజులు అన్నయ్యనే నమ్మేదాన్ని. కొన్ని రోజులు ఆయన్ని. ఒకర్ని నమ్మిన రోజు రెండోవాళ్ళ మొహం చూడబుద్ధయ్యేది కాదు. అలా ఎన్నేళ్ళు గడిపానో!

ఖిదిర్‌పూర్ కూటంలో పెత్తనం దగ్గర తగువొచ్చి అది చీలిపోయింది. ఒక్కొక్కరే రేకుల గదికి తిరిగొచ్చారు. ఠాణాలో సాక్ష్యం చెప్పినవాళ్ళు, ఆయనకా పేరు పెట్టినవాళ్ళు, అందరూ. ఒక్కరైనా పొరపాటైంది అయ్యగారూ అనలేదు. ఆయనా అడగలేదు. క్రితం వారమే చూసినట్టు పేరు పెట్టి పిలిచి వందనాలు చెప్పి లోపలికి పంపారు. నేనైతే ఆ గుమ్మంలో ఒక్కొక్కర్నీ నిలబెట్టి కడిగేసేదాన్ని. ఆ మాటే దొడ్డమ్మతో అన్నాను, అప్పటికామె మంచం పట్టింది. "నువ్వూ నానూ గుమ్మంలో నిలబడితే లోన ఎవుడే మిగుల్తాడు?" అంది. ఆమె కూడా పోయాక ఆయన ఒంటరివాడైపోయారు. కుడిచెయ్యి పనికిరాని జగదీశ్ ఆయనకి ఎడంచేత్తో రొట్టెలు కాల్చి పెట్టేవాడు. మొన్న వానల్లో జ్వరమొచ్చి, ఆస్పత్రిలో చేర్చిన రెండో పూటకే పోయారు.

మట్టి చేసిన తర్వాతి ఆదివారం, ఆయన పేరున కూటం పెట్టారు. రేకుల గది పట్టక జనం సందులో కూడా నిలబడ్డారు. ఆయన గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. ఒక్కొక్కరే లేచారు. దేవుడి మనిషి అన్నారు, దీనుడు అన్నారు, మా కుటుంబానికి తండ్రి అన్నారు. ఆ రోజు ఠాణాలో "వెనక బల్ల మీద నేను కళ్ళారా చూశాను" అన్న పెద్దమనిషి లేచి, "ఇంత సత్యవంతుణ్ణి మనం మళ్ళీ చూడం" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు లేచి కేకలు వెయ్యాలనిపించింది. నా పక్కన బల్ల చివర జగదీశ్ కూర్చుని ఉన్నాడు. వాడికి తెలుగు రాదు. ఎవరు లేస్తే వాళ్ళవైపు మొహం తిప్పి వింటున్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. చూస్తే అన్నయ్య. తలంతా నెరిసింది, యార్డు నుంచి అలాగే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా సిమెంటు దుమ్ము. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. సాక్ష్యం నడిపిస్తున్నాయన, "రా బాబూ, నువ్వూ రెండు మాటలు సెప్పు" అన్నాడు.

అన్నయ్య రెండు చేతులతో తలుపు చెక్కలు పట్టుకున్నాడు.

"ఆ బుధారం నాను కూటానికి రాలేదు," అన్నాడు.

అంతే. ఇంకేదో అనబోయి, చేత్తో మొహం తుడుచుకుని సందులోకి వెళ్ళిపోయాడు.

గది దద్దరిల్లిపోతుందనుకున్నాను. చుట్టూ చూశాను. కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషి పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటున్నాడు. ఒకావిడ ఒళ్ళో పిల్లని జోకొడుతోంది. వెనక ఇద్దరు ముసలివాళ్ళు, వాన మళ్ళీ పట్టేలా ఉంది, తొందరగా ముగిస్తే బాగుణ్ణని గుసగుసలాడుకుంటున్నారు. ఒక్క మొహంలో ఆశ్చర్యం లేదు.

జగదీశ్ నా వైపు వంగి, ఏమన్నాడు బహన్‌జీ, అని హిందీలో అడిగాడు. చెప్పాను. వాడు ఎడంచేత్తో కుడిచేతిని ఒళ్ళో సర్దుకుని, నన్ను జాలిగా చూశాడు.

"ఇందులో కొత్తేముంది?" అన్నాడు.

నిజమే. వాడికి తెలుసు. పోయినాయనకి తెలుసు. ఠాణాకి వెళ్ళి సాక్ష్యం చెప్పినవాళ్ళకి తెలుసు, ఆయనకి అబద్ధాల అయ్యగారని పేరు పెట్టినవాళ్ళకి తెలుసు, దొడ్డమ్మకి తెలుసు, బహుశా మా అమ్మకీ తెలుసు. ఆ గదిలో ఆ మాట కొత్తగా విన్నదాన్ని నేనొక్కదాన్నే.